మిగిలిన మందు

లోపల నా పళ్ళు తింటున్నారు. తలుపు మూసే ఉంది కాని చప్పుడుకి తలుపేం అడ్డం. రసం మామిడిపండుని పిసికి పిసికి మెత్తబరిచి, ముచ్చిక దగ్గర కొరికి, నోటికి ఆనించుకుని లాగే చప్పుడు, ఆగి మళ్ళీ లాగి, చివరికి టెంకని పళ్ళతో గీరే చప్పుడు, అది మా గైడ్ పాండురంగారావు గారిదే. ఐదేళ్ళుగా ఆయన టీ తాగే చప్పుడు విన్నదాన్ని. ఏ వస్తువునైనా లోపలున్నదంతా వచ్చేదాకా వదలడు. రెండో చప్పుడు నెమ్మది, అది పొద్దున్నే వైజాగ్ నుంచి దిగిన ఎగ్జామినర్ గోపాలకృష్ణ గారిది కావాలి. ఒంటిగంట ఇరవై. రెండున్నరకి నా వైవా. వాళ్ళిద్దరూ చేతులు కడుక్కుని బయటికొచ్చాక నన్ను సెమినార్ హాల్లోకి పిలిచి నాలుగు ప్రశ్నలడిగి, చప్పట్లు కొట్టి, డాక్టర్ లేయా అంటారు. అప్పటిదాకా ఈ వరండాలో ఈ ఇనప కుర్చీలో, రెండువందల పదహారు పేజీల నల్ల అట్ట పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చోవాలి. "నువ్విక్కడే ఉండమ్మా, ఏదైనా కావాలంటే పిలుస్తాను" అన్నాడు. ఏదైనా అంటే ఉప్పు, నేప్‌కిన్లు, నీళ్ళు. పళ్ళపెట్టె తెమ్మన్నదీ ఆయనే. "ఎగ్జామినర్ గారు మే నెలలో నూజివీడు దాకా ఎందుకొస్తున్నారనుకున్నావ్, నీ నానో కోసమా? రసాల కోసం!" అని ఫోన్లో నవ్వాడు, నేనూ నవ్వాను. ఐదేళ్ళలో ఆయన జోకులకి నేను నవ్వనిది ఒక్కటి లేదు, ఆ నవ్వులన్నీ నా లోపల ఎక్కడో పేరుకుపోయి ఉంటాయి, కుండ అడుగున ఉప్పులాగ. లోపలికెళ్ళి ఒక్క వాక్యం చెబితే ఐదేళ్ళూ పోతాయి, వచ్చే నెల పర్మనెంటు పోస్టు ఇంటర్వ్యూ పోతుంది. చెప్పకపోతే ఏం పోతుందో కుడివైపు లాబ్ కిటికీలోంచి కనబడుతూనే ఉంది, అందుకే కుర్చీ ఎడమవైపుకి తిప్పుకుని కూర్చున్నాను.

వాక్యం నలభై ఏడో పేజీలో ఉంది. తెరవక్కర్లేదు. తోటనుంచి సేకరించిన మామిడి ఆకులను స్వేదనజలంతో మూడుసార్లు శుభ్రంగా కడిగి నీడన ఆరబెట్టడమైనది. ఇంగ్లీషులో ఇంకా శుభ్రంగా ఉంటుంది. నేను కడగలేదు. మూడుసార్లు కాదు, ఒక్కసారి కూడా కడగలేదు. నాకు ముందు చేసినవాళ్ళ పుస్తకాల్లో ఆ వాక్యం ఉంది, వాళ్ళకి ముందువాళ్ళ పుస్తకాల్లోనూ ఉంది, ప్రార్థన చివర ఆమేన్ అన్నట్టు నేనూ రాశాను, ఆమేన్ అనేటప్పుడు ఎవరు ఆలోచిస్తారు, చాప మడతపెట్టడం గురించి ఆలోచిస్తారు. కడగడానికి స్వేదనజలం మాత్రం ఎక్కడిది. డిపార్ట్‌మెంటులో ఆ నీళ్ళు తయారుచేసే యంత్రం నేను చేరకముందే కాలిపోయింది. నెలకి రెండు క్యాన్లు బయట్నుంచి వచ్చేవి, ఆ రెండూ ఆయన గదిలో బీరువా పక్కన, ఒకటి డిపార్ట్‌మెంటు ఇన్వర్టర్ బ్యాటరీకి, ఇంకోటి ఆయన ఇంటి ఇన్వర్టర్ బ్యాటరీకి. ప్రయోగానికి ఒక బీకరు, అదీ అడిగితే, అదీ కళ్ళజోడు పైనుంచి చూసి. బోరు నీళ్ళు పనికిరావు, మా బోరు ఉప్పు, ఆ చుక్క పడితే వెండి లవణం విరిగిన పాలలా తెల్లగా ముద్దకట్టి కూర్చుంటుంది. అందుకని ఆకుల్ని పొడిగుడ్డతో తుడిచాను. తుడిచాననుకున్నాను. ఆ గుడ్డ మీద లేతనీలం చారలు చూసి కూడా నాకేమీ తట్టలేదు, చిన్నప్పట్నుంచీ మా ఇంట్లో అన్ని గుడ్డల మీదా లేతనీలం చారలే, కళ్ళు వాటిని చారలుగా చూడ్డం ఎప్పుడో మానేశాయి. మనసు ఎంత గడుసుదంటే, దేన్ని చూడకూడదనుకుంటుందో దాన్ని ఎదురుగా గోడకి తగిలించి మరీ చూడకుండా ఉండగలదు.

నాన్న ఆకుల గురించి అడిగాడు ఒకసారి. నేను చేరిన కొత్తలో సంచీ పట్టుకుని మా చెట్ల ఆకులు కోస్తుంటే చెట్టు కింద నిలబడి, "నానో అంటున్నావ్, అంటే నానబెడతారా?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. అవును నాన్నా నానబెడతాం, మరగబెడతాం, అందులో వెండి వేస్తాం అన్నాను. ఆకు కషాయంలో వెండి లవణం వేస్తే వెండి విడివడి నలుసులవుతుంది, వెంట్రుక మందంలో ఎనిమిదివేలవ వంతు నలుసులు, అంత చిన్నవయ్యేసరికి లోహం గుణమే మారిపోతుంది, క్రిముల పొరలు చీల్చి చంపుతుంది, ఒక రసాయనం ఇంకో రసాయనంగా మారడానికి ఊతమిస్తుంది. ఇలా చేసేవాళ్ళు జిల్లాకి పదిమంది ఉన్నారు, తులసితో ఒకరు, వేపతో ఒకరు, బొప్పాయి ఆకుతో ఇద్దరు కొట్టుకుంటున్నారు, నేను మామిడితో. కాని నావి వేరుగా ప్రవర్తించాయి. ఫ్యాక్టరీల నుంచి వచ్చే పచ్చటి విషం ఒకటుంటుంది, సీసాలో పోస్తే అచ్చం పసుపు నీళ్ళలా, దాన్ని విరగ్గొట్టే మందు కలిపి మా నలుసులు చిటికెడు వేస్తే ఆ పచ్చదనం పోవాలి, ఎంత తొందరగా పోతే అంత గొప్ప. మిగతావాళ్ళకి ఇరవై నిమిషాలు. నాకు రెండు నిమిషాలు కూడా పట్టలేదు. కళ్ళముందే పసుపు పలచబడి, పలచబడి, నీళ్ళు. క్రిముల పళ్ళెంలో నా చుక్క చుట్టూ రూపాయి బిళ్ళంత మేర ఏమీ మొలవలేదు, అద్దంలా ఖాళీ. పాండురంగారావు గారు ఆ పళ్ళేన్ని దీపానికెదురుగా ఎత్తిపట్టుకుని చూసిన చూపు నాకు ఇంకా గుర్తే, అంత ప్రేమగా ఆయన ఏ మనిషినీ చూడగా నేను చూడలేదు. ఇప్పుడనిపిస్తుంది, ఆయన చుట్టూ కూడా ఆ ఖాళీ వలయమే, ఇరవైయేళ్ళ నుంచి ఆయన పక్కన ఏదీ మొలిచింది లేదు.

హైదరాబాదు పంపి పరీక్ష చేయిస్తే ఒక్కో నలుసులో మూడో వంతు రాగి అని వచ్చింది. వట్టి వెండి కాదు, వెండీ రాగీ కలిసిన మిశ్రమ లోహం. రాగి ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలీట్లేదు సార్ అన్నాను. "ఎక్కణ్ణుంచి వచ్చిందేంటమ్మా, మనం వేస్తే వచ్చింది." మనం వెయ్యలేదు సార్. "వేశాం." అని నా కాగితం లాక్కుని, వెండి లవణం అన్న మాట పక్కన బాణం గుర్తు పెట్టి, రాగి లవణం ఒక పాలు అని రాశాడు. పేరు మార్చాడు, నిర్మాణపూర్వక ద్విలోహ మిశ్రమం అన్నాడు, అంటే కావాలని చేసినదని. నేను ఆ బాణం వంక చూశాను, చూసి, నవ్వాను. అదే, ఆ నవ్వు. ఆ రోజు ఆయన నన్ను బలవంతపెట్టాడని ఎవరికైనా చెప్పాలనుంటుంది నాకు, రాత్రుళ్ళు మనసులో చాలాసార్లు చెప్పాను కూడా, కాని ఆయన బలవంతపెట్టలేదు. పెన్ను మూతపెట్టి జేబులో పెట్టుకున్నాడంతే. ఇంటికెళ్ళి నాన్నకి చెప్పాను, వెండిలో రాగి కలిసింది నాన్నా, దానివల్లే ఇంత బాగా వచ్చింది అని. నాన్న గ్లాసు కింద పెట్టి, "వెండిలో రాగి కలిస్తే కల్తీ అంటారు గదమ్మా" అన్నాడు. కల్తీ కాదు, మిశ్రమ లోహం. "కంసాలి చేస్తే కల్తీ, కాలేజీలో చేస్తే అదా?" అన్నాడు. జోకే. నేను మూడురోజులు మాట్లాడలేదు.

లాబ్‌లోంచి గాజుకడ్డీ సీసాకి తగిలే చప్పుడు. ఎనిమిది నెలలుగా అదే చప్పుడు. షాలోమి. నా తర్వాత చేరిన పిల్ల, ఊరు చాట్రాయి, నాలుగున్నరకే లేచి బస్సెక్కి వస్తుంది, మా పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చేసి దాన్ని కట్టుగుడ్డలకి పట్టించడం ఆమెకిచ్చిన పని. ఉన్నది ఉన్నట్టు చేస్తే ఏమీ రాదు. ఆకులు మూడుసార్లు కడుగుతుంది, తన డబ్బుతో మెడికల్ షాపులో సీసాల నీళ్ళు కొనుక్కుని మరీ కడుగుతుంది, రాగి లవణం ఒక పాలు వేస్తుంది, పసుపు పసుపుగానే ఉంటుంది, క్రిములు చుక్క మీదకే ఎక్కి పెరుగుతాయి. "మా లేయా చేసింది నీకెందుకు రావట్లేదమ్మా, నీ చేతులు వంటింటికే పనికొస్తాయేమో" అంటాడు పాండురంగారావు గారు అందరిముందూ. ఆమె నా దగ్గరికొచ్చి, "అక్కా, ఒక్కసారి మీరు చేసి చూపించండక్కా, నేనెక్కడ తప్పు చేస్తున్నానో" అంది. చెయ్యి తిరగాలి షాలోమీ అన్నాను. చెయ్యి తిరగాలి. ఆ మాట అన్నప్పుడు నా గొంతులో ఆయన గొంతు విన్నాను, అదే సాగదీత. ఆ పిల్ల అంటే నాకు పడదు. కుడిచేతి మీద నల్లగా కాలిన మచ్చ ఉంది, వెండి లవణం పడింది, ఎవరికీ చెప్పలేదు, ఆ మచ్చ అంటే పడదు, డబ్బాలో తెచ్చుకునే పులిహోర అంటే పడదు, ఆదివారం మీ కోసం ప్రార్థన చేయించానక్కా అనడం అంటే అసలు పడదు. మనం ఎవరికి అన్యాయం చేశామో వాళ్ళనే ఇంతలా అసహ్యించుకుంటాం, వాళ్ళు కళ్ళముందు తిరుగుతుంటే అదే ఒక నిందలా ఉంటుంది కనక, ఇది నాకు తెలుసు, తెలియడం వల్ల ఒక్క పిసరు కూడా తగ్గలేదు.

మార్చిలో, ఆమె వెళ్ళిపోయాక, తలుపేసుకుని నేనే చేశాను. నా పుస్తకంలో ఉన్నది మొదటిసారి ఉన్నది ఉన్నట్టు చేశాను. పసుపు కదల్లేదు. అరగంట, గంట. తర్వాత రాగి వెయ్యకుండా, కడక్కుండా, మా చెట్ల ఆకులు వట్టిగా తుడిచి మరిగించి చేశాను. రెండు నిమిషాలు. నీళ్ళు. స్టూలు మీద కూర్చుండిపోయి నాన్నకి ఫోన్ చేశాను. మన చెట్లకి మందు కొట్టావా నాన్నా? "మన ఎనిమిది చెట్లకి మందు కొనడం కూడానా, భలేదానివే." మరి? "మరీ లేదు గిరీ లేదు. సాయంత్రం ఎవరి తోటలోనో కూలికి కొట్టాక డ్రమ్ములో అడుగున మిగుల్తుందిగా. నేల మీద పారబోస్తే పాపం. తెచ్చి మన చెట్ల మీద చల్లేస్తా." ఏం మందు? "ఏముంటుంది, మైలుతుత్తం, సున్నం. ఆకుమచ్చకి కొట్టేది." మైలుతుత్తం అంటే రాగి. నెమలిమెడ రంగు రాగి. ఎన్నేళ్ళనుంచి? "నువ్వు పుట్టకముందు నుంచీ. ఏమ్మా, చెట్లకేమన్నా అయిందా?" ఏమీ కాలేదు నాన్నా. మిగిలిన మందు. ఏ రోజు ఎంత మిగిలితే అంత, ఏ కొమ్మ అందితే ఆ కొమ్మకి, తర్వాత దాని మీద మంచు కురిసి ఎండ కాసి మళ్ళీ మంచు కురిసి, ఆకు దాన్నేం చేసుకుందో, సున్నం ఏం చేసిందో, ఏ లాబ్‌లోనూ ఎవరూ తూచి వెయ్యనిది. నిజానికి రాయదగ్గది అదే. అది రాసి ఉంటే. మర్నాడు పాండురంగారావు గారికి చెప్పాను, రెండు సీసాలూ బల్ల మీద పెట్టి చూపించాను, ఒకటి పసుపు, ఒకటి నీళ్ళు. ఆయన తలుపు దగ్గరికేసి వచ్చి కూర్చున్నాడు. రెండు సీసాలూ మార్చి మార్చి చూశాడు, నాకు ఆశ పుట్టింది. అప్పుడన్నాడు, "కడిగితే పోయేదాన్ని ఎందుకు కడిగావమ్మా?"

సన్మానం జరిగినప్పుడల్లా ఆయన మైకు పట్టుకుని ఒకటే మాట చెబుతాడు, నేను వట్టి ఉత్ప్రేరకాన్ని, పిల్లలే చేశారు, నేను పక్కనున్నానంతే. చప్పట్లు. ఉత్ప్రేరకం అంటే మిగతావన్నీ మారిపోయినా తను మారనిది, చివర్లో మొదట్లో ఉన్నట్టే బయటికొచ్చేది, ఆ మాట నిజమే, ఎంతమంది కరిగిపోయినా ఆయన అలాగే ఉన్నాడు, అదే సఫారీ, అదే పెన్ను. ఉత్ప్రేరకానికి కూడా విషమెక్కుతుందని పాఠం ఉంది, దాని ఒంటిని ఏదో పట్టేసుకుంటుంది, అక్కణ్ణుంచి పనిచెయ్యదు. ఆయనకి నేను విషం అవగలనా. అయితే ఆయన పక్కన నేనూ ఉన్నాను, ఆ పుస్తకం మీద పై పేరు నాది. ఇలా ఆలోచిస్తే మళ్ళీ మొదటికే వస్తుంది, నిన్నంతా ఇలాగే వచ్చింది. చెప్పలేకపోవడానికి పోస్టు కారణం అనుకున్నాను ఇన్నాళ్ళూ. పోస్టు కాదు. వాక్యం సగం దాకా వచ్చి ఎక్కడ ఆగుతుందో ఇప్పుడు, ఈ కుర్చీలో, తెలిసింది. ఆకులు కడగలేదు అనగలను. తర్వాత రాగి ఎక్కణ్ణుంచి వచ్చింది అంటారు. అప్పుడు నాన్న రావాలి.

ఆరో తరగతి. రెడ్డిగూడెంలో హైస్కూలు, కొత్త మాస్టారు వరసగా లేపి అడుగుతున్నాడు, మీ నాన్న ఏం చేస్తాడు, మీ నాన్న ఏం చేస్తాడు. నేను లేచి నిలబడి, మా నాన్న మందు కొడతాడండి అన్నాను. ఇంట్లో అందరూ అనే మాట అదే మరి, పొద్దున్నే లేచి మందు కొట్టడానికెళ్ళాడు అంటుంది మా అమ్మ. క్లాసంతా పగలబడి నవ్వింది. మాస్టారు కూడా చేత్తో నోరు మూసుకున్నాడు. "రోజూ కొడతాడా, పండగలకేనా?" అన్నాడు. ఒక్క క్షణం నాకు అర్థం కాలేదు, అర్థమయ్యాక కూర్చోవడం చేతకాలేదు, అలాగే నిలబడ్డాను. చుక్క ముట్టని మనిషి. సాయంత్రం ఇంటికొచ్చేసరికి నూతి దగ్గర గోళ్ళ చుట్టూ నీలం రుద్దుకుంటున్నాడు, ఇసకతో, నిమ్మచెక్కతో, ఎంత రుద్దినా పోని నీలం, నన్ను చూసి నవ్వి, ఏమ్మా లేయమ్మా అన్నాడు. ఆ రోజు నుంచి ఎవరడిగినా రైతు అంటాను. పీహెచ్‌డీ దరఖాస్తులో రైతు. ఇవాళ ఎగ్జామినర్‌కిచ్చిన కాగితంలో రైతు. చిన్నరాయప్ప, రైతు, ఎనిమిది చెట్లు. పొద్దున పెట్టె బస్సు పైకెక్కించి, "నేనూ రానా అమ్మా, వెనకాల నిలబడతా" అన్నాడు, తెల్లచొక్కా అప్పటికే వేసుకుని ఉన్నాడు, ఎండగా ఉంది నాన్నా వద్దులే అన్నాను. ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఆ చేతులు చూసే వద్దన్నానని ఆయనకి తెలుసు.

ఇప్పుడెవరి మీదో తెలియని కోపం ఒకటి వస్తోంది. పాండురంగారావు మీద అనుకుంటే సుఖంగా ఉంటుంది. ఆయన మీదా, నోరు మూసుకున్న ఆ మాస్టారి మీదా, పులిహోర డబ్బా మీదా, చేతులు వెనక్కి పెట్టుకున్న మనిషి మీద కూడా. చేతులు ఎందుకు దాచుకోవాలి. నా రెండు నిమిషాలు ఆ చేతుల్లోంచే వచ్చాయి. ఈ నల్ల అట్ట మీద బంగారు అక్షరాలు ఆ డ్రమ్ము అడుగునున్న నీలంతో రాసినవే, దాన్ని తుడిచి, రాగి లవణం ఒక పాలు అని, ఒక పెన్ను, ఒక బాణం.

"లేయా! నీళ్ళు!"

తలుపు తెరుచుకుంది. వరండా చివర కుళాయిలో పొద్దుట్నుంచీ నీళ్ళు లేవు. బీరువా పక్కనున్న క్యాన్ లోంచి మగ్గుతో ముంచుకుని వెళ్ళాను. ఇద్దరూ మోచేతుల దాకా కారుతున్న రసంతో వరండా అంచున నిలబడ్డారు. ముందు పాండురంగారావు గారు చేతులు చాచాడు, పోశాను, కడుక్కుని నా భుజం మీద పడకుండా విదిలించాడు, విదిలించినవి నా భుజం మీదే పడ్డాయి. తర్వాత గోపాలకృష్ణ గారు దోసిలి పట్టారు. తెల్లటి సన్నటి చేతులు, పెదవి పక్కన సొన తగిలి చిన్న ఎర్రమచ్చ.

"ఎంత బాగున్నాయమ్మా పళ్ళు. మీ చెట్లవేనటగా. థీసిస్‌లో ఆకులు కూడా వీటివేనా?"

"అవునండి."

"ఆబగా కొరికేశాను. మందూ గిందూ ఏమీ ఉండవు కదా, కడిగారా?"

"భలేవారే సార్!" పాండురంగారావు గారు నేప్‌కిన్ తో మూతి తుడుచుకుంటూ నవ్వాడు. "మా లేయా ఏదైనా సరే మూడుసార్లు కడుగుతుంది. కావాలంటే నలభై ఏడో పేజీ చూడండి!"

నవ్వాల్సిన చోటు అదే. ఇద్దరూ నావైపు చూశారు. ఆయన నవ్వు నా నవ్వు కోసం ఆగింది. లాబ్ గుమ్మంలో షాలోమి వచ్చి నిలబడింది, చేతిలో సీసా, సీసాలో పసుపు.

"పళ్ళు కడిగానండి," అన్నాను. "ఆకులు కడగలేదు."

మగ్గులోంచి నీళ్ళు గోపాలకృష్ణ గారి దోసిట్లో పడుతున్నాయి, నిండి పొర్లుతున్నాయి. "అంటే ఏదో మాటవరసకి..." అని పాండురంగారావు గారు ఒక అడుగు ముందుకొచ్చాడు. గోపాలకృష్ణ గారు ఆయనవైపు చూడలేదు. చేతులు కూడా వెనక్కి తీసుకోలేదు.

"మరి రాగి?" అన్నారు నెమ్మదిగా. "పొయ్యమ్మా. పోస్తూ చెప్పు."

"మా నాన్న మందు కొడతాడండి," అన్నాను.

ఎవరూ నవ్వలేదు.